సైకిల్ లేన్‌లో ‘రెండు నిమిషాల’ పార్కింగ్

హైదరాబాద్‌లో కార్ల బెడద లేని సైకిల్ ట్రాక్ ఒకటుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నానక్‌రాంగూడ నుంచి టీఎస్‌పీఏ (పోలీస్ అకాడమీ) దాకా, నార్సింగి నుంచి కొల్లూరు దాకా కలిపి 23 కిలోమీటర్లు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన 16 మెగావాట్ల సోలార్ కప్పు. 2023 అక్టోబర్ 1న అప్పటి మంత్రి కేటీఆర్ ప్రారంభించారు. సెలవు రోజు పొద్దున్నే అక్కడికి వెళ్తే చాలామంది సైకిల్‌ను కారు వెనక కట్టుకుని వచ్చి, దింపుకుని, రెండు రౌండ్లు తొక్కి మళ్లీ కార్లో ఇంటికి పోతుంటారు. వ్యాయామానికి అది మంచి చోటే. అయితే అక్కడ లేన్‌లో కారు ఆపే అవసరం ఎవరికీ రాదు. పక్కన మందుల షాపు లేదు, టిఫిన్ సెంటర్ లేదు, ఏటీఎం లేదు. రోడ్డుకూ ట్రాక్‌కూ మధ్య అడ్డు కూడా ఉంది. కాబట్టి అక్కడ గెలిచామని చెప్పుకోవడంలో పెద్ద గొప్పేం లేదు.

అసలు పరీక్ష ఊరి మధ్యలో ఉంది. ఐటీ కారిడార్‌లో సైకిల్ బొమ్మ వేసిన ఏదైనా రోడ్డుకు సాయంత్రం ఏడింటికి వెళ్లి నిలబడి చూడండి. బొమ్మ సగం చెరిగిపోయి ఉంటుంది. మొదట్లో పాతిన ప్లాస్టిక్ స్తంభాలు విరిగిపోయి, తారులోంచి బోల్టులు మాత్రం పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఆ బోల్టుల మీదుగానే ఒక కారు ఎడమకు వచ్చి ఆగుతుంది, నాలుగు లైట్లూ టకటకా కొట్టుకుంటూ. లోపలున్నాయన్ని అడిగితే ‘రెండు నిమిషాలే సార్’ అంటాడు. ఆయన అబద్ధమాడటం లేదు, రెండు నిమిషాల్లోనే వెళ్లిపోతాడు. ఆ వెంటనే ఇంకో కారు వచ్చి ఆగుతుంది. అలా రెండేసి నిమిషాల చొప్పున లేన్ సాయంత్రమంతా మూతబడే ఉంటుంది.

ఆగి ఉన్న కారు ఎవరినేం చేస్తుందిలే అనిపించవచ్చు. హ్యాండిల్‌కు టిఫిన్ క్యారియర్ తగిలించుకుని నైట్ డ్యూటీకి వెళ్తున్న వాచ్‌మన్ అదే లేన్‌లో వస్తున్నాడనుకోండి. కారు దగ్గరికి రాగానే ఆయన కుడివైపు రోడ్డు మీదికి తిరగాల్సిందే. సైకిల్‌కు అద్దం ఉండదు, ఇండికేటర్ ఉండదు. వెనక నుంచి వచ్చే క్యాబ్ డ్రైవర్‌కు కారు మాటునున్న సైకిల్ చివరి క్షణం దాకా కనిపించదు. సరిగ్గా అప్పుడే ఆగిన కారు కుడి తలుపు తెరుచుకుంటే తప్పించుకునే దారే లేదు. లేన్ అసలు లేని రోడ్డు మీద సైకిల్ మొదటి నుంచీ అందరి కళ్లముందే ఉంటుంది. లేన్ ఉండి మధ్యలో మూసుకుపోతే మాత్రం ఉన్నట్టుండి ట్రాఫిక్‌లోకి వచ్చి పడుతుంది. సగం సగం లేన్ కంటే లేకపోవడమే నయమని కొందరు సైక్లిస్టులు అనేది ఇందుకే.

దేశంలో ఏటా 4 వేల మందికి పైగా సైకిలిస్టులు రోడ్డు ప్రమాదాల్లో చనిపోతున్నారని కేంద్ర రవాణా శాఖ నివేదికలే చెబుతున్నాయి. చట్టం లేక ఇలా జరుగుతోందా అంటే కాదు. ఫుట్‌పాత్ మీద, సైకిళ్లకు కేటాయించిన ట్రాక్ మీద బండి నడపకూడదని 1989 నాటి రోడ్డు నిబంధనల కాలం నుంచే ఉంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 177ఎ సెక్షన్ చేరింది. డ్రైవింగ్ నిబంధనలు మీరితే 500 నుంచి 1,000 రూపాయల దాకా జరిమానా అంటుంది అది.

ఇక జరిమానాల సంగతి మనకు తెలియందా! తెలంగాణలో 2022లో పెండింగ్ చలాన్లపై టూవీలర్లకు 75 శాతం, కార్లకు 50 శాతం రాయితీ ఇచ్చారు. 2023 డిసెంబర్‌లో మళ్లీ ఇచ్చారు, ఈసారి టూవీలర్లకు 80 శాతం, కార్లకు 60 శాతం. పండగ సేల్‌లా ఏడాదిన్నరకో రెండేళ్లకో డిస్కౌంట్ వస్తుందని తెలిశాక చలాన్‌కు ఎవరు భయపడతారు? ఖజానాకు డబ్బు వచ్చి ఉండవచ్చు, కానీ నిబంధనకున్న విలువ పోయింది. అందుకే సైకిల్ లేన్‌ను పోలీసులే కాపాడాలనే వాదన నాకు రుచించదు. సిగ్నల్ దగ్గర నిలబడటానికే మనుషులు చాలని చోట లేన్‌కో కానిస్టేబుల్‌ను ఎక్కణ్నుంచి తెస్తారు?

కాపలా కాయాల్సింది కాంక్రీటు. లండన్ ఈ పాఠం ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది. 2011లో అక్కడ మొదలైన సైకిల్ సూపర్ హైవే 2 చాలా దూరం రోడ్డు మీద పూసిన నీలి రంగే తప్ప మరేం కాదు. ఆ దారిలో సైకిలిస్టులు చనిపోయాక విచారణ జరిపిన కరోనర్ (మరణాలకు కారణం తేల్చే అధికారి), ఆ రంగు చూసి లేని భద్రత ఉందని సైకిలిస్టులు భ్రమపడుతున్నారని 2013లో హెచ్చరించారు. ఆ తర్వాత బో నుంచి ఆల్డ్‌గేట్ దాకా అదే దారిని తవ్వి, మధ్యలో కర్బ్ (ఎత్తయిన గట్టు) కట్టి ట్రాక్‌ను వేరు చేశారు. స్పెయిన్‌లోని సెవిల్ ఇంత కష్టపడలేదు. 2006 తర్వాత రెండేళ్లలోపే దాదాపు 80 కిలోమీటర్ల ట్రాక్‌ను, రోడ్డు నుంచి వేరు చేసి, ముక్కలుగా కాకుండా ఊరంతా కలిసేలా కట్టింది. స్థలం కోసం వేల కార్ల పార్కింగ్ తీసేసింది.

మన దగ్గర ఇంజినీర్లకు ఇది తెలియదని కాదు. ఢిల్లీలో 2008లో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా వేసిన బీఆర్‌టీ (బస్సులకు ప్రత్యేక దారి) కారిడార్‌లో సైకిళ్లకు విడిగా ట్రాక్ ఇచ్చారు. కార్ల యజమానుల గోలకు చివరికి కారిడార్‌నే పీకేశారు. బెంగళూరులో కొవిడ్ సమయంలో సిల్క్ బోర్డ్ నుంచి లౌరీ జంక్షన్ దాకా 17 కిలోమీటర్ల పాప్‌అప్ (తాత్కాలిక) సైకిల్ లేన్ తలపెట్టారు. స్తంభాలు పాతారు, అవి విరిగాయి, విరిగిన చోట కార్లు దూరాయి, ఆపై మెట్రో పనులు మొదలై మిగిలింది కూడా పోయింది. ఆ పనుల మధ్య కూడా కార్లకు మాత్రం దారి ఉంచారు.

ఇక్కడ ఒక చిక్కు మాత్రం ఒప్పుకోవాలి. లండన్, సెవిల్ పెద్దగా పడని తంటా అది: టూవీలర్. సైకిల్ దూరే సందులో స్కూటీ కూడా దూరుతుంది. ఎంత దగ్గరగా స్తంభాలు పాతినా, ఎంత ఎత్తు కర్బ్ కట్టినా, ఫుట్‌పాత్ ఎక్కడానికే వెనకాడని బైకు ట్రాక్‌ను వదులుతుందా? దీనికి కాంక్రీటు జవాబు కాదు, కెమెరా కొంతవరకు పనికొస్తుందేమో. అయినా నా లెక్కలో రెండూ ఒకటి కాదు. బైకు వస్తే సైకిలిస్టు పక్కకు జరుగుతాడు, తిట్టుకుంటాడు, లేన్‌లోనే ఉంటాడు. కారు ఆగితే రోడ్డు మీద పడతాడు. బైకుల్ని ఆపలేం కాబట్టి కార్లను కూడా వదిలేద్దాం అనడం సాకు తప్ప ఇంకోటి కాదు.

‘అసలు మన ఊళ్లో సైకిల్ తొక్కేదెవరండీ’ అనే మాట ప్రతి చర్చలోనూ వస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దాదాపు 45 శాతం ఇళ్లలో సైకిలుంది. వ్యవసాయేతర పనులకు వెళ్లేవాళ్లలో సుమారు 13 శాతం మంది సైకిల్ మీదే వెళ్తున్నారు. పెద్ద నగరాల్లో ఈ వాటా తక్కువ, నిజమే. కానీ వాచ్‌మన్లు, పేపర్ బాయ్‌లు, సైట్లలో పనిచేసే కూలీలు రోడ్డెక్కే వేళకు ఈ మాట అనేవాళ్లు నిద్రలో ఉంటారు. సైకిల్ తొక్కే ఆ కూలీలు, వాచ్‌మన్లు ట్విటర్‌లో ఫొటోలు పెట్టరు, కార్పొరేటర్‌కు మెమొరాండం ఇవ్వరు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు రావడానికీ, గచ్చిబౌలి లోపలి రోడ్ల మీద ఒక వరస రాళ్లు కూడా రాకపోవడానికీ తేడా అక్కడే ఉందని నా అనుమానం.

దుకాణదారుల బాధ మాత్రం నిజమైన బాధే. సరుకు ఎక్కడో దించాలి, ఆటో ఎక్కడో ఆగాలి, ఫుడ్ డెలివరీ కుర్రాడికి నిలబడే చోటు కావాలి. అది చూపించకుండా లేన్ కట్టేస్తే అందరూ లేన్‌లోకే వస్తారు, తప్పు వాళ్లది కాదు. ప్రతి వంద, నూట యాభై మీటర్లకో సరుకు దించుకునే బే (పక్కకు వదిలిన జాగా), బస్టాప్ దగ్గర ట్రాక్ స్టాప్ వెనక నుంచి తిరిగి వెళ్లే ఏర్పాటు డ్రాయింగ్‌లోనే ఉండాలి. లేకపోతే ఎడమకు వచ్చే ప్రతి బస్సూ లేన్‌ను కోసుకుంటూ పోతుంది.

కొత్తగా వంద కిలోమీటర్లు ప్రకటించమని నేను అడగను. రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి ఆఫీసుల వైపు వెళ్లే రోడ్లలో ఒకటి తీసుకుని, రెండు మూడు కిలోమీటర్లు రెండు వైపులా కర్బ్ కట్టి చూపిస్తే చాలు. రోడ్డు మళ్లీ వేసే టెండర్‌లోనే కర్బ్ కూడా కలపాలి, విరిగితే ఎన్ని రోజుల్లో బాగుచేయాలో కాంట్రాక్టర్‌తో రాయించుకోవాలి. భూసేకరణ అక్కర్లేదు. ఎడమవైపు వరసగా ఆగి ఉన్న కార్ల కింద ఉన్న జాగా సరిపోతుంది.