మొప్పలెత్తి చూడకండి

మా గోదారి జిల్లాల జనానికి అనుమానం జాస్తి. ఏటికి ఎర్రనీరు వచ్చాక సిద్ధాంతం వంతెన దగ్గర నిలబడితే ఆ అనుమానం విశ్వరూపం కనబడుతుంది. మొన్న మా మావయ్యగారితో పులస కోసం వెళ్లాను. ఆయన బుట్ట ముందు గొంతుక్కూర్చుని, చేపను తిరగేసి, మొప్ప ఎత్తి ఎరుపు చూసి, పొట్ట నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఒడిశా ఇలసలా ఉందే!" అన్నారు.

"ఆయ్, గోదారిదేనండీ. తెల్లారగట్ల పడిందండీ" అందావిడ.

నమ్మలేదు. దారినపోయే ఇద్దర్ని పిలిచి చూపించారు. వాళ్లకు ఈయనెవరో తెలీదు, అమ్మే ఆవిడతో చుట్టరికం లేదు, చెబితే పైసా రాదు. అయినా చేపను చెరోవైపు పట్టుకుని చూసి పెదవి విరిచారు. ముప్పావుగంట గడిచాక ఉత్త సంచీతో ఇంటికొచ్చాం.

ఇలాంటి కఠినాత్ముల మధ్య బతికేవాడికి పరిశోధన పత్రికల దయాగుణం చూస్తే కళ్లు చెమర్చవా? నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. ప్రమోషన్‌కు పేపర్లు కావాలి. ఒక రాత్రి పదకొండింటికి ఒక పత్రికకు పేపర్ పంపాను. తెల్లారి కాఫీ తాగేసరికి మెయిల్: అచ్చుకు ముందు చేయించే పరీక్ష ప్రకారం ఇద్దరు నిపుణులు నా పేపర్‌ని క్షుణ్ణంగా పరిశీలించారట. పాపం, రాత్రంతా మేలుకునుంటారు. వాళ్లు కోరిన సవరణ ఒక్కటే, శుక్రవారంలోగా మూడు వేలు కట్టమని. మూడో పేజీలో "ఇక్కడ పట్టిక పెట్టాలి" అని నాకోసం రాసుకున్న ముక్క అలాగే అచ్చయింది. నిపుణులు మెచ్చుకున్నవాటిలో ఆ పట్టిక కూడా ఉంది.

ఈ దయ ఒక్క మన దేశానిదే అనుకోకండి. 2013లో జాన్ బొహానన్ అనే విలేఖరి, కావాలనే తప్పులు పెట్టి రాసిన క్యాన్సర్ మందు పేపర్‌ని 304 పత్రికలకు పంపితే 157 పత్రికలు అక్కున చేర్చుకున్నాయి. 2017లో పోలండ్ పరిశోధకులు, అసలు లోకంలోనే లేని ఒక విదుషిని పుట్టించి, వాళ్ల భాషలో మోసగాడు అని అర్థమొచ్చే ఇంటిపేరు తగిలించి, సంపాదకురాలి కొలువు ఇమ్మని 360 పత్రికలకు రాయించారు. 48 చోట్ల కొలువు దొరికింది. మా కుర్రాళ్లు ఎంటెక్‌లు చేసి తిరుగుతున్నారు, ఒక్కడికీ ఇలాంటి ఆదరణ లేదు.

గిట్టనివాళ్లు ఎప్పుడూ ఉంటారు. 1997లో బ్రిటన్‌లో కొందరు సంపాదకులు పత్రికల నీతినియమాల కోసం కోప్ అని ఒక కమిటీ పెట్టుకుని, పరిశోధనకు డబ్బిచ్చిందెవరో చెప్పాలి, రాయనివాడి పేరు వేయకూడదు అంటూ మొదలుపెట్టారు. రాయనివాడి పేరు వేయకపోతే మా ప్రిన్సిపాల్ గారి పేరు ఎక్కడ వేయాలి? మన విశ్వవిద్యాలయాల పెద్ద యూజీసీ 2018లో కాస్త మానవత్వం చూపింది. ఇతరుల రాతలతో పోలిక పది శాతం దాకా ఉంటే శిక్ష లేదంది. చేప పదోవంతు ఒడిశాదైతే పర్లేదని మా మావయ్యగారిని ఒప్పించండి చూద్దాం!

పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ వచ్చాక కవిత్వం కూడా వికసించింది. కాపీ కొట్టిన వాక్యంలో మాటమాటకీ పర్యాయపదం దించేస్తున్నారు. ఫ్రాన్స్‌లో గియోమ్ కబానాక్, ఆయన తోటివాళ్లు 2021లో ఇలాంటి మాటల్ని ఏరి లోకానికి చూపించారు. ఆ పేపర్ల ఇంగ్లీషులో కృత్రిమ మేధ కాస్తా నకిలీ చైతన్యమైంది. రొమ్ము క్యాన్సర్ "ఎద గండం" అయింది. ప్రబంధ కవులు ఈ కాలంలో పుట్టి ఉంటే ప్రొఫెసర్లయ్యేవారు.

2025 ఫిబ్రవరిలో యూజీసీ, మంచి పత్రికలివీ అని తాను చెప్పే కేర్ జాబితాకు స్వస్తి పలికి, ఏ పత్రిక మంచిదో ఏది కాదో కాలేజీలే తేల్చుకోమంది. మా కాలేజీలోనూ కమిటీ వేశారు. అనుభవజ్ఞుడినని నన్ను అందులో పెట్టారు.

ఆ సంతోషంలో పేపర్ ప్రింటు తీసి మావయ్యగారికిచ్చాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, మూడో పేజీ మొప్ప ఎత్తినట్టు ఎత్తి చూశారు.

"పట్టికేదండీ అల్లుడుగారూ?"

మాటమార్చి, పత్రికవాళ్లు పంపిన సర్టిఫికెట్ చేతిలో పెట్టాను. దాన్ని కూడా ముక్కు దగ్గర పెట్టుకున్నారు.