ఎవరో ఒకరు చూసుకుంటారులే

1968లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు జాన్ డార్లీ, బిబ్ లటానే ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. విద్యార్థులను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి మైకుల్లో మాట్లాడుకోమన్నారు. మధ్యలో ఒక గొంతు మూర్ఛ వచ్చినట్టు తడబడి సాయం అడిగింది. అది తనకొక్కడికే వినిపిస్తోందనుకున్నవారిలో, ఆ గొంతు ఆగిపోయేలోగా నూటికి 85 మంది లేచారు. మరో నలుగురు కూడా వింటున్నారనుకున్నవారిలో లేచింది 31 మందే.

కూర్చుండిపోయినవారు కఠినాత్ములు కారు. చాలామందికి చేతులు వణికాయి, అరచేతులు చెమర్చాయి. బాధ ఉంది, అది ఎవరి పనో తేలలేదు, అంతే. మా ఒడిశాలో, పర్లాకిమిడిలోనో బరంపురంలోనో తెలుగు పిల్లలకు తెలుగు చదవడం రావడం లేదని నలుగురం కూర్చుని బాధపడినప్పుడల్లా నాకు ఆ చేతులే గుర్తొస్తాయి. తెలుగు సంఘం చూస్తుందని ఒకరు, ప్రభుత్వం చూడాలని మరొకరు అంటారు. ప్రభుత్వం చూడాల్సిందే, అందులో సందేహం లేదు. ఇక్కడి గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాలకు వలస వెళ్లిన తండ్రితో 'బిడ్డ చదువు నీ బాధ్యత' అని చెప్పి పాలకులు చేతులు దులుపుకోవడం అన్యాయం. కానీ ఆ న్యాయం జరిగేదాకా ఎదురుచూస్తే పిల్లవాడి వయసు ఆగదు.

1880లో ఇదే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తికి, చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకోమని ఎవరూ చెప్పలేదు. సవరల మాట ఊళ్లో అందరి చెవినా పడేదే. ఆయన మాత్రం సవర తెలిసిన మనిషిని ఇంట్లో ఉంచుకుని నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. మన్యం జ్వరాలకు వాడిన క్వినైను వల్ల వినికిడి కోల్పోయారు.

నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడిన వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ అభిప్రాయంలో, జీవితానికి అర్థమేమిటని మనం అడగడం కాదు, జీవితమే మనల్ని అడుగుతుంది, మనం చేసే పనే దానికి జవాబు. గిడుగు జీవితం చూస్తే ఈ మాట నాకు పూర్తిగా నిజమనిపిస్తుంది. అర్థం దొరికాక ఆయన పని మొదలుపెట్టలేదు.

1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. మనం ఇక్కడే ఉన్నాం. మా పక్కింటి పిల్లలిద్దరూ బడిలో ఒడియా చక్కగా చదువుతారు, ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు. అక్షరాలు మాత్రం రావు. ఈ ఆదివారం సాయంత్రం నాలుగింటికి పలకలు తెచ్చుకోమని వాళ్ల అమ్మతో చెప్పాను.