ఆఖరి స్తంభం నుంచి మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ గారికి

అయ్యా ట్రాన్స్‌ఫార్మర్ గారూ,

మా నాన్న వంశధార కాలువకి శివారు రైతు. పై ఊళ్లు తడిశాక మిగిలితేనే మాకు నీళ్లు. నేను మేస్టరుద్యోగం చేసి శ్రీకాకుళంలో ఇల్లు కట్టుకుంటే అక్కడా శివారే దొరికింది, మీ లైన్లో ఆఖరి స్తంభం. ఏళ్లతరబడి సాయంత్రమయ్యేసరికి మా ఫ్యాను నీరసంగా తిరిగింది. ఏమీ అనలేదు.

2024 ఫిబ్రవరిలో ఇంటి డాబా మీద సోలారుకి కేంద్రం సూర్యఘర్ పథకం వచ్చింది. మూడు కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ. వీధి వీధంతా డాబాల మీద సోలారు పలకలు బిగించాం. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం ఇళ్లన్నిటికీ తాళాలు, అందరి కరెంటూ మీ వైపే పరుగు. మీ దాకా తోయాలంటే నా ఓల్టేజీ మీకంటే పైన ఉండాలిట. సన్నటి పాత తీగ, పైగా దూరం, అందుకని అందరికంటే నాకే ఎక్కువ. 230 ఉండాల్సింది 253 దాటిందా, పలకల కరెంటుని లైనుకి పనికొచ్చేలా మార్చే నా ఇన్వర్టరు చేతులెత్తేస్తుంది, సోలారు ఆగిపోతుంది. మొదటి స్తంభం ఇంటాయనకి మాత్రం పంట పండుతోంది. నాన్నకి చాలక పోయింది, నాకు ఎక్కువై పోతోంది.

అరసవల్లిలో స్వామి పాదాల దాకా వెళ్లే కిరణాలకి అడ్డు లేదు గానీ, నా డాబా మీద పడ్డవాటికి మీ పర్మిషన్ కావాలి!

మీ ఓల్టేజీని పెంచీ తగ్గించీ చేసే ట్యాప్‌ని కాస్త దించమని లైన్‌మన్‌ని అడిగాను. "దించితే సాయంత్రం మీ ఫేనే తిరగదండి మాస్టారూ" అన్నాడు. నిజమే. ఆరు దాటితే సూర్యుడు ఉండడు, ఏసీలన్నీ లేస్తాయి, మీరు బొంగురు గొంతుతో రొద మొదలుపెడతారు. మధ్యాహ్నం అజీర్తి, రాత్రి ఆకలి. మీ ఒంటికి ఏ మందని వెయ్యగలడు పాపం?

(కరెంటు పోయినప్పుడు నా సోలారు కూడా ఆగిపోవడం గురించి మాత్రం ఫిర్యాదు లేదు. అది స్తంభమెక్కిన ఆ మనిషి ప్రాణం కోసం.)

చివరికి ఉపాయం మా ఆవిడే కనిపెట్టింది. పన్నెండింటికి మోటారు, వాషింగ్ మెషీన్, గ్రైండరు అన్నీ ఒకేసారి. కరెంటు ఇంట్లోనే ఖర్చయితే ఓల్టేజీ దిగుతుంది, ఇన్వర్టరు నిలబడుతుంది. రోజూ మినప్పప్పు రుబ్బుతోంది. ఉన్నది ఇద్దరం, ఫ్రిజ్ నిండా దోసెల పిండి. కరెంటు వెళ్లలేని మొదటి స్తంభం దాకా ఇప్పుడు గిన్నెలతో పిండి వెళ్తోంది. పంపిందీ తెచ్చుకున్నదీ లెక్కగట్టే నెట్ మీటరు దానికి లేదు, గిన్నెలు కూడా తిరిగి రావడం లేదు.

ఇట్లు,
ఆఖరి స్తంభం మాస్టారు