అర్ధాంగుళం దయ చూపని కాంపాక్ట్ గారికి

కడప, చిన్నచౌకు,
ఆదివారం, పొద్దుగూకిన వేళ.

మహారాజశ్రీ కాంపాక్ట్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఈ ఉత్తరం మీ పేరు మోస్తున్న సౌండ్‌బారుకు, అనగా టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకరు పట్టెకు, కాదు. అది పాపం తన పొడవు తనకే తెలియని యంత్రం. దాని అట్టపెట్టె ముఖాన వెండి అక్షరాలతో మెరిసే, చిన్నదని అర్థమిచ్చే ‘కాంపాక్ట్’ అనే మాటకు, అనగా సాక్షాత్తూ మీకే, రాస్తున్నాను. మధ్యాహ్నం రెండు గంటల నుండి ఆ సౌండ్‌బారు మా అమ్మ మంచం మీద పవళించి ఉంది, మా అమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉంది, నేను కొలత టేపు మెడలో వేసుకొని దర్జీవాడిలాగా నిలబడి ఉన్నాను. మా టీవీ గూటి లోపలి వెడల్పు 35 అంగుళాలు. మీ వస్తువు పొడవు 900 మిల్లీమీటర్లు, అంటే 35 అంగుళాల మీద ఇంచుమించు మరో అర్ధాంగుళం.

మాకు ఇంట్లో సినిమా హాలు అక్కరలేదన్న సంగతి మీకు ముందే మనవి చేసుకొని ఉండవలసింది. మోకాళ్ల నొప్పుల వల్ల హాల్లోకి రాలేని మా అమ్మ కోసం 32 అంగుళాల టీవీని ఆవిడ పడకగది గూట్లో పెట్టినాము. కడప ఎండలకు ఫ్యాను అయిదో నంబరు మీద తిరగవలసిందే, అది తిరిగితే టీవీలో మనుషుల పెదవులు కదలడమే గాని మాట వినబడదు. "వాళ్లేమంటాండార్రా?" అని ఆవిడ అడిగిన ప్రతిసారీ నేను చేతిలో పేపరు పక్కన పెట్టి, కోడలు పాలలో ఏదో కలిపిన సంగతి, దాన్ని ఆడపడుచు తలుపు సందులోంచి చూసిన సంగతి గొంతెత్తి వినిపించవలసి వచ్చేది. మూడు నెలలుగా మా ఇంట్లో ఆ సీరియల్‌కు ఉన్న ఏకైక స్పీకరును నేనే.

ఇందులో టీవీ నేరం లేకపోలేదు. మా పాత 21 అంగుళాల డబ్బా టీవీకి మూరెడు వీపు ఉండేది, స్పీకర్లు తెరకు అటూ ఇటూ మన ముఖంలోకి చూస్తూ ఉండేవి. ఇప్పటిది అప్పడమంత పలచబడి, స్పీకర్లను తన అడుగు భాగానికి తోసేసింది. మాట నేలచూపులు చూస్తూ గూటి బండకు కొట్టుకొని, దిక్కు తెలియక మంచం దాకా వస్తుంది. మన మాటలో మోతంతా అచ్చులది, అర్థాన్ని మోసేవి మాత్రం హల్లులు. ఇంచుమించు 1000 నుండి 4000 హెర్ట్జ్‌ల (సెకనుకు అన్ని కంపనాల) నడుమ సన్నగా పలికే ఆ హల్లులనే ఫ్యాను హోరు మొదట మింగుతుంది. అందుకే సీరియల్లో డాక్టరు "తాత" అన్నాడో "పాప" అన్నాడో మా అమ్మకు తెలియదు. ఆసుపత్రి ఘట్టంలో ఆ రెండింటికీ ఉన్న తేడా చిన్నది కాదు.

కనుక నాకు కావలసింది స్పష్టంగా మాట పలికే ఒక చిన్న వస్తువు, గూట్లో పట్టేది. మీ దాకా రాకముందు మీ దాయాదులందరి గడపలూ తొక్కినాను. పుస్తకాల అరలో పట్టేవని పేరు పెట్టుకున్న జంట స్పీకర్లను చూసినాను: 32 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 72 సెంటీమీటర్లు, గూడు 89, మిగిలింది 17, అంటే పక్కకు ఎనిమిదిన్నర, నేను చూసిన జంటల్లో ఏ ఒక్కటీ 12 సెంటీమీటర్లకు తగ్గలేదు, పైగా కొన్నింటికి వీపున గాలి రంధ్రం ఉంది, దాన్ని గోడకు ఆనిస్తే కుండలో మాట్లాడినట్లు బొంగురుగా మోగుతుందట. పుస్తకాలను అట్ట మందంతో కాక పెట్టె మందంతో అచ్చువేసే దేశంలో ఆ పేరు పెట్టి ఉంటారు. కంప్యూటరు పక్కన పెట్టే బుల్లి స్పీకర్లు పక్క సందులో పట్టేవే, కాని వాటి తీగ గుచ్చడానికి టీవీ వెనక పాతకాలపు గుండ్రటి రంధ్రమే లేదు. బ్లూటూత్ డబ్బా ఒకటి పక్కింటి నుండి అరువు తెచ్చి పెట్టినాను. అది లడ్డూ అంత ఉంది, మాటా బాగానే ఉంది, కాని గాలిలో వచ్చే మాట సర్దుకొని మూట కట్టుకొని వచ్చేసరికి సెకనులో అయిదో వంతో ఆరో వంతో ఆలస్యమై, నటి నోరు మూసిన తరువాత ఆమె మాట ముగిసేది. అమ్మ రెండు నిమిషాలు చూసి, "ఇది హిందీ సీరియల్ మాదిరుండాదే!" అన్నది. తిరిగి ఇచ్చేసినాను.

అప్పుడు మీరు ఎదురైనారు. ఏడు రోడ్ల కూడలికి దగ్గరలోని ఒక దుకాణంలో, 65 అంగుళాల మహా టీవీ కింద, గజరాజు కాళ్ల దగ్గర పడుకున్న పిల్లిలాగా ఉన్నారు. ఆ టీవీ వెడల్పు దాదాపు 145 సెంటీమీటర్లు; దాని కింద మా ఇంటి గడపను పెట్టినా కాంపాక్టుగానే కనబడుతుంది. కొలత చీటీ నా జేబులోనే ఉంది. పొడవెంత అని అడిగితే దుకాణంలోని కుర్రవాడు రెండు చేతులూ చాచి, "ఇంతే సార్" అన్నాడు. అంగుళాల్లో చెప్పమంటే, "కాంపాక్ట్ సార్, యాడైనా పట్టేస్తుంది" అన్నాడు. నేను పట్టు విడవక పెట్టెను తలకిందులు చేయించినాను. ముందువైపు అరచేయి అంత అక్షరాలతో 120 వాట్లు అని ఉన్నది. అడుగున, బార్ కోడ్ పక్కన, ఆవగింజలంత అంకెలతో 900, 63, 90 అని ఉన్నాయి. ఈ 900 ఏమిటి నాయనా అన్నాను. "అది పీక్ పవర్ సార్" అన్నాడు.

నమ్మినాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషించినాను కూడా. 120 ఇచ్చి 900 పట్టుకుపోతున్నానని ఒక్క క్షణం నాలోని దురాశ తల ఎగరేసింది. పూర్వం టేప్ రికార్డర్ల మీద పీఎంపీఓ, అనగా క్షణకాలపు గరిష్ఠ శక్తి, అని వేల వాట్లు అచ్చు వేసుకున్న కాలాన్ని చూసినవాణ్ని, ఆ లెక్కకు ఒక కట్టుబాటంటూ లేదనీ, నిలకడగా ఇచ్చే శక్తిని చెప్పే, ఆర్ఎంఎస్ అని రాసిన చిన్న అంకెనే పట్టించుకోవాలనీ తెలిసినవాణ్ని. చెవికి రెట్టింపు గట్టిగా వినబడాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి గనక, పదకొండడుగుల గదిలో అమ్మకు సీరియల్ వినిపించడానికి వాట్ల కోసం వెంపరలాడనక్కరలేదని పది మందికి చెప్పినవాణ్ని. అయినా మోసపోయినాను. అడుగున ఉన్నది వాట్లు కాదు, మిల్లీమీటర్లని ఇంటికి వచ్చి, బారును గూటికి అడ్డంగా పట్టుకున్నాక గాని వెలగలేదు.

ఇక్కడ మా ఆవిడ ప్రస్తావన తప్పదు. నేను పొద్దున బయలుదేరుతుంటే ఆమె గూటి కొలతకు సరిగ్గా ఒక చీపురు పుల్ల విరిచి ఇచ్చి, "ఇది ఎత్తుకోని పో, దీనికంటే పొడుగుంటే తేవద్దు" అన్నది. ఏసీ దుకాణంలోకి చీపురు పుల్ల పట్టుకొని పోవడమా అని దాన్ని గుమ్మం పక్కనే పారేసి పోయినాను. అర్ధాంగి మాట పెడచెవిని పెట్టినందుకు అర్ధాంగుళం శిక్ష పడింది. ఆ పుల్ల ఇప్పుడు మంచం మీద సౌండ్‌బారు పక్కన, కోర్టులో సాక్ష్యంలాగా, పెట్టి ఉంది. పెట్టింది నేను కాదు.

చెక్క అల్మారా అయితే వడ్రంగి చిత్రిక పట్టి ఆ అర్ధాంగుళం తీసేసేవాడు. మాది నాలుగు వైపులా నల్ల కడప బండ పరిచిన గూడు. భూగర్భ శాస్త్రజ్ఞులు కడప బేసిన్ అని పిలిచే ఈ నేలలో, డైనోసార్లు పుట్టడానికి ఎంతో ముందు పేరుకున్న రాయి అది. నిన్నటి ఫ్యాక్టరీలో పుట్టిన పట్టెకు పక్కకు జరిగి చోటిస్తుందా? బేల్దారి మేస్త్రీకి ఫోను చేస్తే, మిషన్ పెట్టి కోయవచ్చు గాని బండ పగిలితే పైన అటక మీది ఇత్తడి గంగాళాలతో సహా కిందికి వస్తుందన్నాడు. ఓరగా పెట్టి చూసినాను, ఒక కొన బయటికి పొడుచుకొచ్చి తెరకు అడ్డం పడింది. గూటి ముందు స్టూలు వేసి పెట్టి చూసినాను, టీవీ కింది అంచున రిమోట్ చూపు తగిలే కన్ను మూసుకుపోయింది. వెనక రెండు రంధ్రాలున్నాయి, గోడకు బిగించుకోండని మీతో వచ్చిన కాగితంలో ఉంది. గోడ లేనిచోటును గదా అయ్యా గూడు అంటారు!

దుకాణానికి ఫోను చేస్తే, సీలు విప్పిన తరువాత వాపసు లేదన్నారు. సీలు విప్పకుండా పొడవు కొలవడమెట్లాగో చెప్పలేదు. కంపెనీ సహాయ కేంద్రంలో, శబ్దం రాకపోతే ఒకటి నొక్కమన్నారు, రిమోట్ పని చేయకపోతే రెండు నొక్కమన్నారు. గూట్లో పట్టకపోతే నొక్కవలసిన అంకె ఏదీ లేదు.

అన్నట్లు, మీతో పాటు ఒక తోబుట్టువు కూడా దిగినాడు, వూఫరు. వాడి అట్ట మీద కూడా తమరే ఉన్నారు. పది కిలోల బియ్యం డబ్బా అంత ఉన్నవాణ్ని తమరు కాంపాక్ట్ అన్నారు. బారులోని కోడిగుడ్డంత స్పీకర్లు మంద్రాన్ని పలకలేవు గనక వాడు రాక తప్పదని నాకు తెలుసు: ఒక్కొక్క స్థాయి కిందికి దిగినకొద్దీ, అదే గట్టిదనం నిలవాలంటే నాలుగింతల గాలిని తోయాలి, అంత గాలి తోసే చోటు సన్నని పట్టెలో లేదు. ఆ సంగతి అట్ట ముందువైపు చెప్పి ఉంటే తమరి వెండి రంగు వెలిసిపోయేదా?

అసలు నువ్వెవరివి? ఇంతసేపూ మీరు మీరు అన్నాను, ఇక నా వల్ల కాదు. బియ్యం సంచి మీద కిలోలు రాయాలి, పాల ప్యాకెట్ మీద మిల్లీలీటర్లు రాయాలి, నూనె తగ్గితే తూనికల కొలతల శాఖవారు వచ్చి కేసు రాస్తారు. నీకు మాత్రం కిలో లేదు, మీటరు లేదు, అడిగేవాడు లేడు. దేనికంటే చిన్న నువ్వు? ఎవడి గదిలో చిన్న? అపార్ట్‌మెంట్ల ప్రకటనలో ఇరుకు గదిని అమ్మడానికి నువ్వే, ఇక్కడ ఆ ఇరుకు గదిలో పట్టని దాన్ని అమ్మడానికీ నువ్వే. 900 మిల్లీమీటర్లు అని నువ్వున్న చోట అచ్చు వేసి, నిన్ను ఆ అడుగున బార్ కోడ్ పక్కకు తోసి ఉంటే, ఈ పూట మా అమ్మ తన మంచం మీద పడుకొని ఉండేది. ఎండలో ఆటోకు ఇచ్చిన డబ్బులు పోనీ. మధ్యాహ్నం నిద్ర పోనీ. ఆ పుల్ల వైపు నేను రేపటి నుండి తల ఎత్తి చూడలేను, దానికి ఏం జవాబు చెబుతావు?

ఇట్లు,
గూడు 35 అంగుళాలు మాత్రమే గల
మీ వినియోగదారుడు.

తా.క.: సోమవారం రాత్రి. పోస్టు చేయడానికి మీకు చిరునామా లేదు గనక ఉత్తరం ఇంట్లోనే ఉండిపోయింది, ఈ నాలుగు ముక్కలు చేర్చక తప్పలేదు. మంచానికి ఎదురుగా ఉన్న ఇనుప బీరువా నెత్తిన పాత దుప్పటి మడిచి వేసి, దాని మీద సౌండ్‌బారును ఎక్కించినాను. దుప్పటి లేకపోతే బీరువా తలుపులు గలగలమంటున్నాయి. టీవీ వెనక ఏఆర్‌సీ అని రాసి ఉన్న, టీవీ శబ్దాన్ని బయటి స్పీకరుకు పంపే రంధ్రం దాకా పెట్టెలోని తీగ అందక మూడు మీటర్ల తీగ కొన్నాను. తగిలించినా మాట రాలేదు, అరగంట వెతికి సెట్టింగుల్లో శబ్దం పంపే పద్ధతిని పీసీఎం (కుదించని శబ్దం) అని మార్చితే వచ్చింది. వూఫరు గది మూలనున్న మంచం కిందికి పోయింది. గది మూలన పెడితే మోత ఇంకా ఎక్కువవుతుందని తెలిసి దాని గొంతును పూర్తిగా తగ్గించినాను, అయినా సీరియల్లో అత్తగారు తలుపు తోసినప్పుడల్లా మంచం ఒకసారి ఉలిక్కిపడుతున్నది.

రిమోట్ మీద మాటల గుర్తు ఉన్న ఒక మీట ఉంది, దాన్ని నొక్కితే మనుషుల గొంతులు ముందుకు వచ్చి వెనక సంగీతం తగ్గుతుంది. ఫ్యాను అయిదు మీదే ఉన్నది. అమ్మ మొదట బీరువా పైకి, దేవుడు పలికితే చూసినట్లు, తల ఎత్తి చూసింది. కాసేపటికి, "ఇనపడతాండాది. ఇంగ నువ్వు చెప్పే పన్లేదులే" అన్నది.

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఫ్యాను హోరులో డాక్టరు ఏదో అన్నాడు, అందరూ ఏడుపు మొదలుపెట్టినారు.

"ఏమన్నాడమ్మా?" అన్నాను.

అమ్మ నా వైపు చూడకుండానే "ష్" అన్నది.