జాలికి మూడు కౌంటర్లు

తెలుగువారి జాలికి పద్ధతంటూ లేదు. కాలు విరిగినవాడూ పాపమే, కాఫీలో చక్కెర తక్కువైనవాడూ పాపమే. పైగా యమలోకంలో లెక్కకట్టే సరుకుకూ అదే పేరు. ఇంగ్లీషులో ఇలాంటి కలగాపులగం కుదరదు. పిటియస్, పిటియబుల్, పిటిఫుల్ అని జాలికి మూడు వేరువేరు కౌంటర్లు. అక్కడ జాలికీ భక్తికీ మూలం ఒకే లాటిన్ మాట కనక, జాలి కూడా మడి కట్టుకునే తిరుగుతుంది.

మొన్నటి వానకు అమీర్‌పేటలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. గుంత కనపడక ఒకాయన స్కూటరుతో సహా కేకేసి పడిపోయారు. టిఫిన్ క్యారియర్ మూత ఊడి, పప్పన్నం మా కళ్లముందే తేలిపోతోంది. బస్టాపులో ఉన్న పదిమందీ ఒక్క గొంతుతో ‘అయ్యో పాపం’ అన్నారు.

నాకు సిగ్గేసింది. ఇంగ్లీషు బోధన కోసమే 1958లో కేంద్ర సంస్థ వెలసిన నగరం ఇది. తార్నాక దగ్గర అదిప్పుడు విశ్వవిద్యాలయం కూడా. ఇంత చదువు పక్కన పెట్టుకుని అందరికీ ఒకటే పాపమా?

పక్కనున్న పెద్దాయనకు విడమరచి చెప్పాను. ‘గుండె పిండేసిన ఆ కేక పిటియస్ అండీ. జాలిపడదగిన ఆయన స్థితి పిటియబుల్. మొన్న ఆ గుంతలో రెండు తట్టల మట్టి పోసి వెళ్లారే, ఛీ ఇంతేనా అనిపించే ఆ మరమ్మతు పిటిఫుల్.’

‘మరి క్యారియరో?’ అన్నారాయన.

లోతైన ప్రశ్న. గొడుగు సర్దుకుని ఆలోచించాను. పప్పన్నం పిటియస్, సందేహం లేదు. సమయానికి పట్టు వదిలిన ఆ తుప్పు క్లిప్పు మాత్రం పిటిఫుల్. ఈ ఛీత్కారం ఒక్కోసారి పిటియబుల్‌కూ అంటుతుంది కనక క్లిప్పును అందులోనూ వేయవచ్చు. నేను ఎటూ తేల్చుకోకముందే, మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమె విసనకర్ర పక్కన పడేసి నీళ్లలోకి దిగింది. పాపం అని కూడా అనకుండా స్కూటరుకు భుజం పట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది, పిటిఫుల్‌కు పాత అర్థం ఒకటుందని. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఆ మాటకు మనసు నిండా జాలి ఉన్నవారని అర్థం. తరవాత అది వాడుక తప్పింది. ఈ ముఖ్యమైన సంగతి చెబుదామని పెద్దాయన వైపు తిరిగాను. ఆయన ప్యాంటు పైకి మడుచుకుని, నడిరోడ్డు నీళ్లలో క్యారియర్ గిన్నెల కోసం తడుముతున్నారు.