ఒక హెడ్‌ఫోన్, పది కండువాలు

"పార్టీ మారిన ఎమ్మెల్యేల సంగతి తేల్చమని స్పీకర్‌కు గడువు పెట్టేటందుకు కోర్టు ఎవరు?" నల్లగొండ గడియారం సెంటర్ల మైకు దొరికితే చాలు, ఇదే మాట. నిజమే. సభను తొందరపెట్టకూడదు. అదెంత నిదానంగా ఆలోచిస్తుందో 2018 మార్చిలోనే చూశాం కదా.

మార్చి 12న గవర్నర్ ప్రసంగం నడుస్తుండగా నల్లగొండ కాంగ్రెస్ ఎమ్మెల్యే కోమటిరెడ్డి వెంకట్ రెడ్డి విసిరిన హెడ్‌ఫోన్ మండలి చైర్మన్ కంటికి తగిలిందన్నారు. తెల్లారి తీర్మానం, మూజువాణి ఓటు, నల్లగొండ సీటు ఖాళీ. నోటీసు ఇవ్వలేదు. సంజాయిషీ అడగలేదు. హెడ్‌ఫోన్ విసిరినందుకే ఇదంతా అనుకుంటే ఆలంపూర్ సంపత్‌కుమార్ సీటు కూడా ఎందుకు ఊడిందంటారా? హెడ్‌ఫోన్‌కు రెండు చెవులుంటాయి కాబట్టి, లెక్క సరిపోయింది.

వీడియో ఇస్తామని అడ్వకేట్ జనరల్ హైకోర్టుకు చెప్పారు. వీడియో రాలేదు, ఆయన రాజీనామా వచ్చింది. ఏప్రిల్ 17న బహిష్కరణ చెల్లదని తీర్పు.

వెంటనే, సభ నడకను కోర్టు ప్రశ్నించకూడదనే రాజ్యాంగం 212వ అధికరణం చదివే పెద్దలు లేస్తారు. సభ నడకలో చిన్న లోపాలను కోర్టు పట్టించుకోదు, అంతే. రాజ్యాంగాన్నే తొక్కితే చూస్తుందని 2007లో బహిష్కృత ఎంపీల రాజారాంపాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ఎంపీల బహిష్కరణను అదే కోర్టు నిలబెట్టింది కూడా (ఈ సగం మైకులో వినిపించదు). 2022లో మహారాష్ట్ర ఎమ్మెల్యేలు 12 మందిని ఏడాది సస్పెండ్ చేస్తే కొట్టేసింది. బహిష్కరిస్తే ఆరు నెలల్లో ఉప ఎన్నికైనా వస్తుంది. ఏడాది సస్పెన్షన్‌లో ఎమ్మెల్యే ఉండడు, ఎన్నికా ఉండదు.

ఇక కండువాలు. 2019 జూన్ 6న నకిరేకల్, కొల్లాపూర్ ఎమ్మెల్యేలతో సహా 12 మంది కాంగ్రెస్ సభ్యులు అప్పటి అధికార పార్టీ టీఆర్‌ఎస్‌లో విలీనం కావడం ఒక్క రోజులో అయిపోయింది. 2024లో గద్వాల ఎమ్మెల్యేతో సహా పదిమంది బీఆర్‌ఎస్ (పాత టీఆర్‌ఎస్) కారు దిగి కాంగ్రెస్‌లోకి పోయారన్న పిటిషన్లకేమో నోటీసు పోవడానికే ఏడు నెలలు దాటింది. 2025 జులై 31న సుప్రీంకోర్టు, మూడు నెలల్లో తేల్చండని చెప్పాల్సొచ్చింది. పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) కింద స్పీకర్ ట్రిబ్యునలేనని, అంటే తీర్పరిలాంటి వాడేనని, ఆయన తీర్పును కోర్టు చూడొచ్చని 1992లోనే కిహోతో కేసు చెప్పింది. ఆనాడు నోటీసెందుకన్న బీఆర్‌ఎస్ వాళ్లు ఇప్పుడు కోర్టు మెట్లెక్కారు, నోటీసేదని మొత్తుకున్న కాంగ్రెస్ వాళ్లు ఇప్పుడు గద్దె మీదున్నారు.

నల్లగొండ, ఆలంపూర్ ఓటర్లను మాత్రం ఎవడన్నా అడిగిండా? తీర్పు చేతికొచ్చినా ఆ ఇద్దరినీ సభలో కూచోనివ్వలేదు. సెప్టెంబర్ 6న సభే రద్దయింది.