మా అమ్మకు మేక వచ్చింది

ఈసారి మా అమ్మకు క్రిస్మస్ కానుకగా మేక వచ్చింది. ఇంటికి కాదు లెండి. ఇంటికి వచ్చింది దాని బొమ్మ, అదీ ఫోనులోకి. అరగంట కిందటి సంగతి. చేతికంటిన అరిసెల పిండి కడుక్కుని నేరుగా ఇక్కడికే వచ్చి రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

పంపింది డల్లాస్‌లో ఉన్న అన్నయ్య. మెడలో ఎర్ర రిబ్బను కట్టిన మేకపిల్ల, పక్కన బంగారు రంగులో అమ్మ పేరు, అందులోనూ ఒక అక్షరం తప్పు. అన్నయ్య కట్టిన డబ్బుతో ఆమె గౌరవార్థం ఆఫ్రికాలో ఒక పేద కుటుంబానికి మేకను ఇచ్చారట. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నేను తెలుగులో చెప్పాను. అరిసె నూనె వత్తుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. "మేకా? మన దొడ్లో చోటెక్కడుందే? ఎవరు మేపుతారు?" అంది. మనకు కాదమ్మా, వేరేవాళ్లకు అన్నాను. "వాళ్లకిస్తే వాళ్లకు చెప్పాలి గాని నాకు చెప్పడమెందుకు?"

ఈ ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి. నాకు తెలియలేదు.

అమ్మకు షుగరు. సాయంత్రమయ్యేసరికి పాదాలు వాస్తాయి. ఇక్కడ దొరికే మేజోళ్ల పట్టీ చీలమండ దగ్గర బిగిసి ఎర్రగా చార పడుతుంది. గుంటూరులో చలేమిటని నవ్వకండి, డెబ్బై నాలుగేళ్ల కాళ్లకు డిసెంబరులో చలి ఉంటుంది. షుగరు ఉన్నవాళ్ల కోసం పట్టీ బిగువు లేకుండా నేసిన మేజోళ్లు అక్కడ దొరుకుతాయని వదినే చెప్పింది. నవంబరులో ఒక రోజు అమ్మ ఆదివారం పేపరు నేల మీద పరిపించి, నా భుజం పట్టుకుని దాని మీద నిలబడి, పాదం చుట్టూ నాచేత పెన్సిలుతో గీయించుకుంది. వేళ్ల దగ్గర గీత వంకర పోయిందని రెండోసారి గీయించింది. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి అన్నయ్యకు పంపాం. ఆయన జవాబుగా బొటనవేలు గుర్తు పెట్టాడు. మేము పాదం పంపితే బొటనవేలు వచ్చింది, నెల తరువాత మేక వచ్చింది.

ఇక దయామయులు బయలుదేరతారు, తెలుసు. పేదవాళ్లకు మేక ఇస్తే నీకెందుకు కడుపుమంట అంటారు. అయ్యా, మేకతో నాకు పేచీ లేదు. పేదలకు పశువులిచ్చే హెఫర్ ఇంటర్నేషనల్ అనే అమెరికా సంస్థ వాళ్లు 1944లో 17 పెయ్యలను ఓడ ఎక్కించి ప్యూర్టోరికోకు పంపారు. పెయ్య పెరిగి ఈనితే మొదటి ఆడదూడను ఇంకో పేదింటికి ఇవ్వాలని నియమం పెట్టారు. దానికి నేను చేతులెత్తి మొక్కుతాను. నాకు నచ్చనిది మేకను అమ్మ పేరున రాసి, అమ్మకు రావలసిన మేజోళ్ల లెక్కలో కొట్టేయడం. ఇవ్వదలచుకుంటే నీ పేరున ఇయ్యి. అమ్మ దానం అమ్మ చేసుకుంటుంది, ఆమెకు ఏజెంటు అక్కర్లేదు.

పైగా ఎవరికి నేర్పుతున్నాడు ఈ దానం? వండిన ప్రతిపూటా గుప్పెడు బియ్యం వేరే డబ్బాలో వేసి నెలాఖరుకు గుడికి పంపే మనిషికా? కోతల పండుగకు తాను ఇచ్చిన గుమ్మడికాయను ఎవరూ పాడకపోతే వేలంలో తానే ఆరువందలకు పాడుకుని, మళ్లీ దాన్ని పాస్టరమ్మ చేతిలోనే పెట్టి వచ్చింది మా అమ్మ. ఆ ఆరువందలకు రసీదు లేదు. బంగారు అక్షరాలు అసలే లేవు. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని సండేస్కూల్లో మా ఇద్దరిచేత కంఠస్థం చేయించిందీ ఆవిడే. అన్నయ్యకు బహుమతి కూడా వచ్చింది, స్టీలు గ్లాసు.

తూర్పుదేశపు జ్ఞానులు బాలయేసును చూడటానికి అంత దూరం వచ్చి ఏం పెట్టారు? బంగారం, సాంబ్రాణి, బోళం. ఇంటి ముందు నిలబడి, "అమ్మా మరియా, నీ కొడుకు పేరున యెరూషలేములో పదిమందికి భోజనాలు పెట్టించాం, ఇదిగో పత్రం" అనలేదు కదా! (వాళ్లు ముగ్గురే అని బైబిల్లో ఎక్కడా లేదు. నిన్న సెమీ క్రిస్మస్ నాటకంలో నాలుగో పిల్లవాడిని ఏడిపించి దింపేసినవాళ్లు ఇది గమనించాలి.)

అసలు కథ పన్ను దగ్గర ఉంది. అమెరికాలో డిసెంబరు 31లోపు ఇచ్చిన విరాళమే ఆ ఏడాది పన్ను లెక్కలోకి వస్తుంది. మినహాయింపు కట్టినవాడిది, పేరు మాత్రం అమ్మది. మన దగ్గర విరాళాల మీద పన్ను మినహాయింపు కూడా కట్టినవాడికే వర్తిస్తుంది, అందులోనూ నగదైతే రెండు వేలు దాటకూడదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అదీ లేదు. అందుకేనేమో ఇక్కడ ఇంకా చీరలే కొంటున్నాం.

పోనీ మన గుడికి బోరు వేయించవచ్చు కదా అని రెండేళ్ల కిందట అన్నయ్యను అడిగాను. చట్టం ఒప్పుకోదన్నాడు. నిజమే, ఆయన అమెరికా పౌరుడయ్యాడు కాబట్టి ఆ డబ్బు విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదై గాని ముందే అనుమతి తీసుకుని గాని, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా ఉన్న సంస్థలే తీసుకోవాలి. మా గుడికి చెప్పుల స్టాండుకే దిక్కులేదు. కానీ ఇదే చట్టం కన్నతల్లికి పంపవద్దని ఎక్కడా చెప్పలేదు. విదేశాల్లోని బంధువుల నుంచి ఏడాదికి లక్ష దాటితే ప్రభుత్వానికి తెలియజేయాలనే నిబంధన ఉండేది, 2022లో ఆ లక్షను 10 లక్షలు చేశారు. పది లక్షల లోపు మేజోళ్ల జత రాదా అన్నయ్యా?

మేక వంకతో పాత పగ తీర్చుకుంటున్నానని మా పిన్ని అంటుంది. అవును, తీర్చుకుంటున్నాను. నాన్న పోయిన ఏడాది ఆయన జ్ఞాపకార్థం గుడికి ఆరు బెంచీలు చేయించాడు అన్నయ్య. ఒక్కో బెంచీకి ఇత్తడి పలక. 'ప్రభువునందు నిద్రించిన' అని మొదలై నాన్న పేరు, దాని కింద 'సమర్పించినవారు' అని అన్నయ్య, వదిన, ఇద్దరు పిల్లలు, చివర 'డల్లాస్, అమెరికా'. నాన్న పేరు కన్నా డల్లాస్ పెద్దగా ఉంది, కావాలంటే వచ్చి కొలుచుకోండి. నాన్నను వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు ఆటోలో తీసుకెళ్లిన మనిషి పేరు ఏ బెంచీ మీదా లేదు. నేను అడగలేదు కూడా. పేరు కోసం చేశానా? కాదు. కానీ ప్రతి ఆదివారం ఆ బెంచీ మీదే కూర్చుంటాను, ఆ పలక నా వీపుకు గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఇంతలో అమ్మ ఫోను లాక్కుని ఆయనకు మాట రికార్డు చేసి పంపింది. నేను వద్దంటున్నా వినలేదు. "నాయనా, మేక బాగుంది. పాలిస్తుందా? రాత్రిళ్లు మంచులో కట్టేయవద్దని వాళ్లకు చెప్పు. పిల్లలకు ముద్దులు." అంతే. మేజోళ్ల ఊసే లేదు. పంపేసి మళ్లీ అరిసెల ముందు కూర్చుంది.

పాదం గీసిన పేపరు బైబిలు కింద నుంచి తీసి నా సంచిలో పెట్టుకున్నాను. రేపు బ్రాడీపేట అంతా తిరుగుతాను. పట్టీ బిగువు లేని మేజోళ్లు గుంటూరులో ఎక్కడ దొరుకుతాయో తెలిసినవాళ్లు కింద రాయండి. మేకల మంచితనం గురించి మాత్రం దయచేసి ఎవరూ రాయవద్దు.